పన్నెండు పళ్ళ చక్రం

కళ్ళజోళ్ళ కొట్టు మేడ మీద నుంచి
సోమవారం

మిడతా,

నేను క్షేమం, నువ్వు క్షేమమా అని మొదలుపెట్టే స్థితిలో నేను లేను. నిన్న పాలవ్యాను డ్రైవరు కింద నిలబడి వీధంతా వినేలా అరిచాడు. "పెద్దమ్మగారూ! మీ చెల్లెలుగారు మోటారుసైకిలు కొన్నారండీ! రయ్యిమని పోతుంటే నేనే చూశా!" అని. నా చేతిలో గిన్నె జారింది. పాలు మెట్ల మీద నుంచి కొట్టు గుమ్మం దాకా పారాయి. కళ్ళజోళ్ళాయన కంగారుగా బయటికొచ్చి, "ఏమైందండీ, ఎవరైనా పోయారా?" అన్నాడు. "ఇంకా లేదు నాయనా" అన్నాను.

నీకు అరవై దగ్గరపడ్డాయి. ఆసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ కట్లు కట్టించుకోడానికొచ్చే వాళ్ళలో సగం మంది మోటారుసైకిలు మీద నుంచి పడ్డవాళ్ళేనని నువ్వే కదా చెప్పేదానివి! రిటైరయ్యాక ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోమంటే విన్నావా? అమ్మాయి కోసం కొండ కింద గది తీసుకుని ఉంటానన్నావు. నిన్ను చూసి నా ప్రాణం కుదుటపడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా కూతురి కడుపు పండింది, పండింది కదాని సంతోషించేలోపే డాక్టరమ్మ మంచం దిగొద్దంది, కుదుపు తగలకూడదంది. అల్లుడి పళ్ళతోట చూస్తే కొండ నెత్తిన. జీపు వెళ్ళే దారి వానకి కొట్టుకుపోయింది. అమ్మాయి కిందికి రాలేదు, నా మోకాళ్ళతో నేను పైకి వెళ్ళలేను. మా ఇద్దరికీ నువ్వే దిక్కు. ఆ దిక్కు కాస్తా లోయలో పడితే మేమేం కావాలి?

కుక్క అడ్డమొస్తే ఏం చేస్తావు? పైబట్ట చక్రంలో చిక్కుకుంటే? లారీవాడు వెనక నుంచి హారను కొడితే నువ్వు ఉలిక్కిపడి ఎగురుతావు, చిన్నప్పటి నుంచీ అంతే, మిడత అని పేరు పెట్టింది అందుకేగా. ఆ బండిని ఎవరికైనా అమ్మేసెయ్యి. ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు చెప్పేది సగం వినబడదు, వినబడని సగం నేను ఊహించుకుంటాను, అది ఇంకా ఘోరంగా ఉంటుంది. ఉత్తరమే రాయి, వ్యానులో పంపు.

నీ గురించి తిండి మానేసిన
అక్క

&nbsp;

కొండ కింద, ఆసుపత్రి వెనక గది
గురువారం

అక్కా,

ముందు తిను. తిని చదువు.

బండి కొన్న మాట నిజమే. రోడ్లు కొలిచే ఉద్యోగి ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మాడు. సన్నగా, గుర్రమంత ఎత్తుగా ఉంటుంది. తారు రోడ్డు మీదా నడుస్తుంది, రాళ్ళ మీదా నడుస్తుంది. పైబట్ట చక్రంలో పడదు, ఎందుకంటే నేను ప్యాంటు కుట్టించుకున్నాను. దాని మీద నువ్వు వేరే ఉత్తరం రాస్తావని తెలుసు, రాయి.

ఎందుకు కొన్నానో చెబుతాను. వారానికోసారి నడిచి కొండెక్కి అమ్మాయిని చూసొస్తున్నాను. ఎక్కేసరికి పూట గడిచిపోతుంది, పైకి చేరాక దాని నాడి చూడాలో నా నాడి చూసుకోవాలో తెలియదు. నొప్పులు మొదలైన రోజున అలా పూట గడిపితే కుదరదు కదా.

అయితే ఈ బండి సగం దాకా బాగానే ఎక్కుతోంది. పైన ఒక మలుపుంది, ఇక్కడి వాళ్ళు ఏడుపు మలుపంటారు. గోడలా నిలబడి ఉంటుంది, అంతా గులకరాళ్ళు. అక్కడికొచ్చేసరికి మొదటి గేరులో కూడా ఇంజను గుటకలు మింగి ఆగిపోతుంది. ఆగకూడదని క్లచ్చు సగం పట్టి లాగిస్తే కాలిన వాసన.

ఇక్కడి మెకానిక్కుని అందరూ బొంగురాయన అంటారు, గొంతు అలాంటిది. ఆయనా నేనూ కూర్చుని ఆలోచించాం. ఇంజను పక్కన చైనుని తిప్పే చిన్న పళ్ళ చక్రం ఒకటుంటుంది, స్ప్రాకెట్టు అంటారు. నా బండిలో దానికి పద్నాలుగు పళ్ళు. పదమూడు పళ్ళది వేస్తే బండికి బలం పెరుగుతుంది, కాస్త వేగం తగ్గుతుంది. నువ్వు కింద కుళాయి దగ్గర నుంచి మేడ మీదికి నీళ్ళు ఎలా మోస్తావు? నిండు బిందె ఒకేసారి ఎత్తలేక చిన్న చెంబుతో నాలుగుసార్లు తిరుగుతావు. అలసట తగ్గుతుంది, ఆలస్యమవుతుంది. ఇదీ అంతే.

ఆ చక్రం ఇక్కడ దొరకదు. మీ బస్టాండు వెనక విడిభాగాల కొట్లో ఉంటుందట. పాత చక్రం అచ్చు కాగితం మీద గీసి పంపుతున్నాను. పదమూడు పళ్ళది, గుర్తుంచుకో. వానలు మళ్ళీ పట్టేలోపు కావాలి.

నీ మిడత

&nbsp;

మేడ మీద నుంచి
ఆదివారం

మిడతా,

వేగం తగ్గుతుందా? ఆ ముక్క ఉత్తరం మొదట్లోనే రాయొచ్చు కదే! ప్యాంటు దగ్గరే నా కళ్ళు తిరిగాయి, తర్వాత పంక్తులు రెండోసారి చదివితేగానీ బుర్రకెక్కలేదు. పన్ను తగ్గితే వేగం తగ్గుతుంది! ఇంత మంచి సంగతి లోకంలో ఉందని నాకెవరూ చెప్పలేదు. వెంటనే లేచి అన్నం తిన్నాను.

నిన్న ఎండ పడకముందే బయల్దేరాను. ఆ కొట్టు గుమ్మంలో అడుగుపెడితే అంతా గ్రీజు వాసన, గోడల నిండా చైన్లు, చక్రాలు, ఒక్క ఆడమనిషి లేదు. కొట్టువాడు నన్ను చూసి, "మందుల షాపు పక్కదండీ" అన్నాడు.

"మందులు కాదు నాయనా, మోటారుసైకిలుకి పళ్ళ చక్రం కావాలి."

"ఎవరికండీ? మనవడికా?"

"మా చెల్లెలికి."

అక్కడ నిలబడ్డ నలుగురూ తలలు తిప్పి చూశారు. నాకు భయం పోయి మా చెడ్డ గర్వం వచ్చింది. నీ కాగితం తీసి బల్ల మీద పరిచాను. అతను మూడు చక్రాలు తెచ్చి పెట్టాడు, పద్నాలుగు పళ్ళది, పదమూడుది, పన్నెండుది. వరసగా పెడితే అమ్మా కూతురూ మనవరాలూలా ఉన్నాయి. "వీటిలో ఏది వేస్తే బండి అన్నిటికంటే మెల్లిగా పోతుంది?" అని అడిగాను. "మా కొట్టుకొచ్చి ఆ ప్రశ్న అడిగినవాళ్ళు మీరొక్కరేనండీ" అని పగలబడి నవ్వాడు. నవ్వితే నవ్వాడు, చెప్పాడు.

నేను తెలివిగానే కొన్నాను. గుడ్డలో చుట్టి, దాని మీద అట్ట చుట్టి, ఆ మీద నా పాత శాలువా చుట్టి వ్యానులో పంపుతున్నాను. వేసేటప్పుడు వేలు నలగనీకు. వేసింది ఊడి పడిపోదు కదా? బొంగురాయన బిగించాక నువ్వొకసారి బిగించు, నువ్వు బిగించాక ఆయన్ని ఇంకోసారి చూడమను.

అమ్మాయి ఎలా ఉంది? పాదాలు వాచాయా?

అక్క

&nbsp;

కొండ కింద
బుధవారం

అక్కా,

పన్నెండు!

ఊరికే లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. బొంగురాయన చేతికిచ్చి లెక్కపెట్టమన్నాను. "పన్నెండేనమ్మా, కావాలంటే మీరు కోప్పడుతున్నంతసేపూ లెక్కపెడుతూ ఉంటా" అన్నాడు. నేను పదమూడు అని ఎంత స్పష్టంగా రాశాను! నీకు చెల్లెలి బండి కాదు, ఎడ్లబండి కావాలి. ఇంత చిన్న చక్రం మీద చైను మెడ విరిచినట్టు ఒంగుతుంది, తొందరగా అరుగుతుంది. అరగంట నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను, పొలమారిందా?

పోనీ తిరిగి పంపుదామా అంటే ఆకాశం నల్లబడుతోంది. "ఉన్నది వేసి చూద్దాం పదండి" అన్నాడాయన. సరేనని చేతులకి పనిచెప్పాం. పక్కమూత విప్పితే లోపల గుప్పెడు మట్టి. నేను వెనక బ్రేకు తొక్కిపట్టాను, ఆయన పొడుగు పానా వేసి వేలాడాడు. టక్కుమని నట్టు వదిలింది, ఆయన వెనక్కి బకెట్లో కూలబడ్డాడు! నవ్వలేక చచ్చాను. కొత్త చక్రం ఎక్కించేసరికి చైను పొడుగైపోయి వేలాడింది. వెనక చక్రాన్ని ఇరుసు వదులు చేసి వెనక్కి జరిపాం. రెండువైపులా గీతలు సమానంగా ఉండాలి, లేకపోతే చక్రం పక్కచూపులు చూస్తుంది. చైను మధ్యలో వేలితో నొక్కితే రెండు వేళ్ళంత ఊగాలి, అంతకంటే బిగిస్తే తెగుతుంది. నువ్వు చెప్పినట్టే ఆయన బిగించాక నేనూ బిగించాను.

ఇక విను. కొండ దారి పట్టాను. ఏడుపు మలుపు వచ్చింది. మొదటి గేరులో వదిలానో లేదో, అక్కా, బండి మేకలా ఎక్కేసింది! గులకరాళ్ళు వెనక్కి చిమ్ముకుంటూ, ఇంజను టకటకా పాడుకుంటూ, క్లచ్చు ముట్టుకోకుండా, అలా ఎక్కేసింది! పైకి చేరాక బండాపి గట్టిగా కేకేశాను. తోటలో పక్షులన్నీ లేచిపోయాయి, అల్లుడు ఏదో అయిందనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

తారు రోడ్డు మీద మాత్రం పరువు పోయింది. ఇంజను గోల ఆకాశాన్నంటుతుంది, బండి అక్కడే ఉంటుంది. కూరగాయల బండివాడు నన్ను దాటేసి జాలిగా చూశాడు. నీకు సంతోషమేగా?

కిందటి వారం ఆ మలుపులో బండి వెనక్కి జారి నా పిక్క కమిలింది. నీకు చెప్పలేదు. ఇప్పుడు మానింది, అందుకే చెబుతున్నా.

అమ్మాయి బాగుంది. పాదాలు వాచలేదు.

నీ మిడత

&nbsp;

మేడ మీద నుంచి
శుక్రవారం

మిడతా,

ఎక్కేసింది! ఈ మాట కళ్ళజోళ్ళాయనకి చెప్పాను, ఆయన భార్యకి చెప్పాను, విడిభాగాల కొట్టువాడికి చెప్పడానికి పనిగట్టుకుని బస్టాండు దాకా నడిచాను. మోకాళ్ళు నొప్పి పుట్టలేదు, వింత! "నేను చెప్పలా?" అన్నాడతను. అతనేం చెప్పాడు, నేను కదా ఎంచింది! చైను మెడ విరిగితే విరిగింది, నీ మెడ విరగకపోతే చాలు.

పిక్క సంగతి నా దగ్గర ఎత్తకు, నాలుగు రోజులు నీతో మాట్లాడను. కమిలిందే కదా? ఎముకకేం కాలేదు కదా? గుడ్డ వేడి చేసి కాపడం పెట్టావా?

ఇక ఇది అడగాలి. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బండి గురించి రెండు కాగితాలు నింపావు. బకెట్టూ కూరగాయల బండీ పక్షులూ అన్నీ రాశావు. నా కూతురి గురించి ఒకటిన్నర పంక్తి. "బాగుంది. పాదాలు వాచలేదు." నేను పాదాలు అడిగాను గనక నువ్వు పాదాలు చెప్పావు. అడగనిదేదో ఉంది. పెద్ద చదువులు చదవకపోయినా నిన్ను చదవడం నాకొచ్చు. చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి, ఇల్లంతా అద్దంలా తుడిచిపెట్టేదానివి.

ఏమిటో రాయి. తెలియకుండా నేను ఊహించుకునేదానికంటే ఏదైనా నయమే.

అక్క

&nbsp;

కొండ కింద
ఆదివారం

అక్కా,

కూర్చో. పక్కన మంచినీళ్ళు పెట్టుకో.

బిడ్డ తల పైకి ఉంది, కాళ్ళు కిందికి ఉన్నాయి. ఈపాటికి తిరగాల్సింది, తిరగలేదు. ఇలాంటి కాన్పులు నేను కళ్ళారా చూశాను, చాలామంది క్షేమంగానే బయటపడతారు. అయితే ఇది నా ఒక్కదాని చేతి పని కాదు, డాక్టరమ్మ పక్కన ఉండాలి. నీకు చెప్పొద్దని అమ్మాయి నాతో ఒట్టేయించుకుంది. "అమ్మకి చెప్పకు పిన్నీ, నాకంటే ముందు ఆవిడ మంచం పడుతుంది" అంది.

డాక్టరమ్మ ముందుగానే పైకి వెళ్ళి ఉండలేదు, ఈ చుట్టుపక్కలకంతా ఆవిడొక్కతే. నొప్పులు మొదలవగానే అల్లుడు తోటలో నీళ్ళ ట్యాంకు మీద ఎర్ర టార్పాలిన్ పట్టా కడతాడు. ఆసుపత్రి గుమ్మంలోంచి కనబడుతుంది. ఆ క్షణం నేను ఆవిణ్ణి వెనక ఎక్కించుకుని కొండెక్కాలి. నడిచి వెళితే అందుకోలేం.

ఆవిడ నిండైన మనిషి. మందుల పెట్టె వేరే. అందుకని నిన్న బొంగురాయన్ని వెనక కూర్చోబెట్టుకుని పరీక్ష పెట్టాను. ఆయన ఒళ్ళు నీకు తెలియదు, వ్యాను ఆయన కూర్చున్న వైపు ఒరుగుతుంది. ఏడుపు మలుపులో బండి మూలిగింది, వణికింది, కానీ ఆగలేదు. పైకొచ్చాక ఆయన దిగి ఏమన్నాడో తెలుసా? "పదమూడైతే ఇద్దరం కిందే ఉండేవాళ్ళమమ్మా. మీ అక్కగారికి నా నమస్కారం చెప్పండి" అన్నాడు.

చెప్పాను. నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

నా భయం వాన గురించే. తడి గులకరాళ్ళ మీద ఇద్దరితో ఎక్కుతుందో లేదో నాకు తెలియదు. దాచకుండా రాయమన్నావు, రాశాను.

నీ మిడత

&nbsp;

మేడ మీద నుంచి
మంగళవారం

చెల్లీ,

చదివాను. మంచినీళ్ళు తాగాను. మంచం పట్టలేదు, అమ్మాయికి ఆ మాట చెప్పు.

ఎప్పుడూ నీకు జాగ్రత్తలు రాసేదాన్ని. ఇప్పుడు కాగితం ముందు పెట్టుకుంటే ఒక్కటీ తోచడం లేదు. నాకు తెలియని పనికి జాగ్రత్త ఏం చెప్పను? మెల్లిగా వెళ్ళమని రాయను. తొందరగా వెళ్ళమనీ రాయను. ఆ దారి నీకు తెలుసు, ఆ బండి నీకు తెలుసు. నువ్వెలా వెళితే అదే నాకు సరి.

ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. ఊలు కొనుక్కొచ్చి టోపీలు అల్లుతున్నాను. చేతులు ఊరుకోక ఇప్పటికి ఏడయ్యాయి. బిడ్డకి తల ఒకటేగా అని కళ్ళజోళ్ళాయన అంటున్నాడు. ఉండనీ. మెత్తటివి మూడు పంపుతున్నాను, ఒకటి నువ్వు నీ జేబులో పెట్టుకో. కొండెక్కేటప్పుడు నా చెయ్యి నీ మీద ఉందనుకో.

అక్క

&nbsp;

కొండ మీద, తోటలో నుంచి
శనివారం

అక్కా! అక్కా!

ఆడపిల్ల! నీ ముక్కే!

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని భయపడకు, అంతా సంతోషమే. ఇద్దరూ క్షేమం. మళ్ళీ రాస్తున్నాను, ఇద్దరూ క్షేమం.

నిన్న మధ్యాహ్నం వాన ధారగా పడుతోంది. నేను గుమ్మంలో నిలబడి ట్యాంకు వైపే చూస్తున్నా, అంతా బూడిదరంగు. ఒక్కసారిగా ఎర్రగా ఏదో రెపరెపలాడింది. "డాక్టరమ్మా, రండి!" అని అరిచాను. ఆవిడ చేతిలో పని కాంపౌండరుకి అప్పగించి పెట్టె పట్టుకుని వచ్చేసింది. ఎక్కుతూ ఒక్క మాటంది. "నాకు భయమేస్తే అరుస్తాను. నువ్వు పట్టించుకోకు."

అరిచింది! మొదటి మలుపు నుంచి చివరి దాకా ఊపిరి తీసుకోడానికి తప్ప నోరు మూయలేదు. వాన చప్పుడూ ఇంజను చప్పుడూ ఆవిడ కేకలూ, ముగ్గురం కలిసి కొండెక్కాం.

ఏడుపు మలుపు దగ్గర నీళ్ళు కాలవలా కిందికి దూకుతున్నాయి. బండి ఎక్కుతూ ఎక్కుతూ ముందు చక్రం గాల్లోకి లేచింది. వెనక బరువెక్కువై! "ముందుకి వాలండి! నన్ను కావలించుకోండి!" అన్నాను. ఆవిడ నా వీపు మీద పడి గట్టిగా పట్టేసుకుంది, నా పక్కటెముకలు ఇప్పటికీ నొప్పే. ముందు చక్రం నేలకి దిగింది. వెనక చక్రం గిర్రున ఊరికే తిరిగింది. ఒక్క క్షణం ఎటూ కదల్లేదు. ఇక జారిపోతాం అనుకున్నాను. అప్పుడు ఏదో రాయి దొరికింది, పట్టు దొరికింది, ఇంజను ఆగిపోకుండా అంగుళం అంగుళం, నడిచే మనిషికంటే మెల్లిగా, ఎక్కింది. వేగంగా ఉండి ఉంటే పడేవాళ్ళం. ఆగిపోయి ఉన్నా పడేవాళ్ళం.

గుమ్మంలోకి వెళ్ళేసరికి అమ్మాయి అల్లుడి చెయ్యి కొరుకుతోంది. బిడ్డ పాదాలు ముందొచ్చాయి. డాక్టరమ్మ అప్పటిదాకా అరిచిన మనిషేనా అనిపించింది, ఆ చేతులు అంత నెమ్మది! తల దగ్గర ఆలస్యమైంది. బయటికొచ్చాక ఏడవలేదు. నీలంగా ఉంది. నేను వీపు రుద్దుతున్నాను, ఆవిడ ఊపిరి ఊదుతోంది, అమ్మాయి "ఏడవదేం? పిన్నీ, ఏడవదేం?" అంటోంది. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత పిల్లికూన మూలిగినట్టు చిన్న కూత. ఆ తర్వాత ఇల్లెగిరిపోయేలా!

అల్లుడు బయట వానలో నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తుంటే డాక్టరమ్మ, "బిడ్డ ఏడిస్తే చాలు, నువ్వు కాదు" అంది.

దారి ఆరగానే వచ్చి నిన్ను తీసుకెళతాను. వెనక కూర్చోగలవా? నువ్వు రానంటే బలవంతం చెయ్యను.

నీ మిడత

&nbsp;

కొండ మీద, తోట ఇంట్లో కిటికీ పక్క నుంచి
గురువారం

మిడతా,

నన్ను ఇక్కడ దింపి నువ్వు ఆసుపత్రిలో డాక్టరమ్మకి సాయం చెయ్యాలని వెళ్ళిపోయి నాలుగు రోజులైంది. అల్లుడు కిందికి వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఆ రోజు మలుపు దగ్గర ఇంజను గొంతు మారినప్పుడు నువ్వు బండి నడుపుతూనే, "అక్కా, కళ్ళు మూసుకో, ఇంకాసేపే" అన్నావు. నేను మూసుకోలేదు. ఒక్క క్షణం కూడా మూసుకోలేదు. రాళ్ళు, లోయ, లోయలో మబ్బు, అన్నీ చూశాను. నీ నడుము అంత గట్టిగా పట్టుకున్నది భయంతో అనుకున్నావు కదూ? కాదే. నాకు నవ్వొస్తోంది. నవ్వితే నువ్వు ఎక్కడ వెనక్కి తిరిగి చూస్తావోనని నోరు బిగబట్టుకుని ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆ దారిని ఎంత భయంకరంగా ఊహించుకున్నానో, అంతకంటే భయంకరంగా ఉంది. అయినా ఎక్కాం!

అమ్మాయి రెండు పూటలా తింటోంది. పిల్ల నా ఒళ్ళో పడుకుంటే బరువే తెలియదు, వేడి మాత్రం తెలుస్తుంది. గుప్పిట విప్పి నా వేలు పట్టుకుంటుంది. నా ముక్కు కాదు, నీ ముక్కు. ఏడు టోపీలూ వేసి చూశాం, నాలుగు సరిపోయాయి.

ఈ పూట నాకు ఏ బెంగా లేదు. నమ్మవు గానీ నిజం. పొద్దుటి నుంచి వెతుకుతున్నాను, ఒక్కటీ దొరకలేదు. ఈ మాట నా చేత్తో రాశాను, దాచుకో.

అక్క

ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పాను. పిల్ల ఇప్పుడే రెండుసార్లు తుమ్మింది. రెండోది గట్టిగా. అమ్మాయి నవ్వుతోంది, నాకు నవ్వు రావడం లేదు. అల్లుడి చేత పరుగున పంపుతున్నాను. చూసిన వెంటనే బండి తియ్యి, డాక్టరమ్మని అరవడానికి సిద్ధంగా ఉండమను.